కేకుకు ఏ నూనె: అనంతపురంలో దొరికే ఆలివ్, గానుగ, రిఫైన్డ్ నూనెల సమీక్ష

అనంతపురంలోని పెద్ద కిరాణా దుకాణాల్లో ఇప్పుడు ఆలివ్ నూనెకు విడిగా ఒక అర ఉంటోంది. ఎక్స్‌ట్రా వర్జిన్, క్లాసిక్, లైట్, పొమేస్ అనే పేర్లతో సీసాలు బారులు తీరి ఉంటాయి. అక్కడి నుంచి కాస్త దూరం నడిస్తే చెక్క గానుగలో ఆడించిన శెనగనూనెను డ్రమ్ములోంచి కొలిచి పోసే కొట్టు కనిపిస్తుంది. ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) పెట్టుకుని కేకులు, బన్నులు చేయడం మొదలుపెట్టినవారు ఈ రెండింటి మధ్య, వీటికి తోడు పొద్దుతిరుగుడు, తవుడు, కొబ్బరి నూనెల మధ్య ఏది తీసుకోవాలో తేల్చుకోలేక, ఎక్కువ ధర పెట్టినదే ఎక్కువ మంచిదన్న లెక్కతో ఆలివ్ సీసా తెచ్చుకోవడం పరిపాటి అయింది. ఆ లెక్క సగమే నిజం. ఆలివ్ నూనె రుచి నాలుకకు తెలిసే వంటకంలో వాడితే దానికి పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఉంది; తెలియని వంటకంలో వాడితే ఆ డబ్బు వృథా. ఈ నూనెలన్నిటినీ ఒకే ఓవెన్‌లో వాడి చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. వేపుళ్లకు, తాలింపులకు ఏది మంచిదన్న చర్చ ఇక్కడ చేయడం లేదు. కంపెనీల పేర్లు కూడా రాయడం లేదు; రెండు కంపెనీలు అమ్మే ఒకే రకం నూనెల మధ్య ఉన్న తేడా కంటే, ఒకే కంపెనీ అమ్మే రెండు రకాల మధ్య ఉన్న తేడా కేకులో స్పష్టంగా బయటపడుతుంది.

వెన్న ఉండగా నూనె ఎందుకని అడిగేవారికి మన ప్రాంతపు ఎండే సగం సమాధానం. వెన్నతో కేకు చేసే పద్ధతిలో మొదట వెన్ననూ చక్కెరనూ కలిపి, రంగు తేలి నురుగులా అయ్యేవరకు గిలకొట్టాలి. గట్టిగా ఉన్న కొవ్వులోకి చక్కెర పలుకులు చొచ్చుకుపోతూ తమతోపాటు గాలిని తీసుకుపోయి, కంటికి కనిపించనంత చిన్న బుడగలను అందులో నింపుతాయి. ఓవెన్‌లో కేకు పొంగడానికి ఆ బుడగలే పునాది. ఇది సరిగా జరగాలంటే వెన్న దాదాపు 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలను తాకే అనంతపురంలోనూ, కర్నూలు, కడపలలోనూ ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ఆ స్థితిలో నిలిచేది కొద్ది నిమిషాలే. ఆ తరువాత అది జారిపోయి, పట్టిన గాలిని వదిలేస్తుంది, కేకు బిగుసుకుపోయి అడుగున జిడ్డు పొర కడుతుంది. గిన్నెను ఐస్ నీళ్లలో పెట్టుకుని, లేదా ఏసీ గదిలో కూర్చుని గిలకొట్టేవారు లేకపోలేదు. అంత శ్రమపడి చేసిన కేకును ఎండకు పాడవుతుందని ఫ్రిజ్‌లో పెడితే వెన్న మళ్లీ గడ్డకట్టి కేకు గట్టిపడుతుంది. కొబ్బరి నూనె తప్ప మిగిలిన నూనెలు ఏ కాలంలోనైనా నూనెగానే ఉంటాయి కాబట్టి నూనె కేకు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కూడా మెత్తగా తెగుతుంది. మే నెలలో పుట్టినరోజు ఉన్న పిల్లల ఇళ్లలో ఈ ఒక్క కారణం చాలు.

అయితే నూనె గాలిని పట్టి ఉంచలేదు. అందుచేత పొంగు కోసం గుడ్ల నురగ మీదనో, బేకింగ్ పౌడర్ మీదనో, పెరుగు, వంట సోడాల జోడీ మీదనో ఆధారపడాలి. వెన్న కేకు కొలతల్లో వెన్న తీసేసి నూనె పోసి, మిగిలిన పద్ధతి అంతా అలాగే ఉంచితే కేకు దిమ్మగా రావడానికి కారణం ఇదే. నూనె చేసే మేలు మరొకచోట ఉంది: అది పిండి రేణువులను త్వరగా, పూర్తిగా చుట్టేసి, పిండిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ సాగే పోగులుగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది, అందువల్ల కేకు లోపలి భాగం మృదువుగా వస్తుంది. ఈ రెండు సంగతులనూ కలిపి వాడుకున్న మొదటి ప్రసిద్ధ కేకు షిఫాన్ కేకు. లాస్ ఏంజెలెస్‌లో బీమా పాలసీలు అమ్ముకునే హ్యారీ బేకర్ 1927లో దానిని తయారుచేసి, వెన్నకు బదులు నూనె వాడడమన్న కిటుకును ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, చివరికి జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు. 1948లో అది లోకానికి తెలిసింది. గిలకొట్టిన తెల్లసొన పొంగును ఇస్తే, నూనె మెత్తదనాన్ని ఇస్తుందన్నదే అందులోని రహస్యం.

కొలత మార్చేటప్పుడు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. బజారులో దొరికే వెన్నలో కొవ్వు 80 శాతం, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. కాబట్టి 100 గ్రాముల వెన్నకు బదులు 80 గ్రాముల నూనె, అంటే సుమారు 87 మిల్లీలీటర్లు, దానికి తోడు 15 నుంచి 20 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి. గ్రాముకు గ్రాము మార్చినవారి కేకు కాగితానికి జిడ్డంటుతుంది. నూనె నీటికంటే తేలిక. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉండేది అందుకే. త్రాసు వాడేవారు గ్రాములనూ, కొలపాత్ర వాడేవారు మిల్లీలీటర్లనూ పట్టుకోవాలి తప్ప ఈ రెండింటినీ కలగలపకూడదు. ఉప్పు కలిసిన వెన్నను తీసేస్తున్నట్లయితే చిటికెడు ఉప్పు విడిగా వేయాలి. అది లేని నూనె కేకు చప్పగా ఉంటుంది.

ఇక ఆలివ్ సీసాల సంగతి. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఆలివ్ పండును నూరి, ఎలాంటి రసాయనమూ వాడకుండా కేవలం యంత్రబలంతో తీసిన నూనె. అందులో స్వేచ్ఛా ఆమ్లత, అంటే నూనె విచ్ఛిన్నమై ఏర్పడిన ఆమ్లాల వంతు, 0.8 శాతానికి మించకూడదు, రుచిలో దోషం ఉండకూడదు. చెంచాడు నోట్లో పోసుకుంటే పచ్చి ఆకు వాసన, కొద్దిగా చేదు, మింగిన తరువాత గొంతులో మిరియపు గింజంత ఘాటు తగులుతాయి. తొలిసారి రుచి చూసినవారు నూనె పాడైందని అనుకుంటారు కానీ, ఆ చేదూ ఘాటూ తాజాదనానికి గుర్తులు. ఈ నూనె వేడికి తట్టుకోదన్న మాట ఒకటి మన ఇళ్లలో బాగా తిరుగుతోంది. కేకు విషయంలో ఆ భయానికి చోటు లేదు. ఓవెన్ 170 డిగ్రీలు చూపిస్తున్నా కేకు లోపల తేమ ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలను దాటదు. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పొగ రావడం మొదలయ్యేది సుమారు 190 నుంచి 210 డిగ్రీల మధ్య. ఓవెన్ వేడికి తగ్గేది దాని సువాసనలో ఒక భాగం, చేదులో ఒక భాగం మాత్రమే. మిగిలిన పండు వాసన కేకులో నిలిచి, రెండో రోజుకు ఇంకా బాగా తేలుతుంది.

ఆ వాసనకు జోడీ కుదిరే పండు మన జిల్లాలోనే ఉంది. మధ్యధరా తీరంలో ఆలివ్ నూనె కేకును నారింజతోనూ నిమ్మతోనూ చేస్తారు. అనంతపురంలో చీనీ తోటలు ఉండగా నారింజ కోసం వెతకవలసిన పని లేదు. రెండు చీనీ కాయల పైతోలును, కింద ఉన్న తెల్లని పొర తగలకుండా సన్నని తురుముపీటతో గీరి, 180 గ్రాముల చక్కెరలో వేసి వేళ్లతో నలపాలి. తోలులోని నూనె చక్కెరకు పట్టి గది అంతా వాసన వస్తుంది. అందులో మూడు గుడ్లు కొట్టి, మిశ్రమం లేత పసుపు రంగులోకి మారి చిక్కబడేవరకు బీటర్‌తో గిలకొట్టి, బీటర్ తిరుగుతుండగానే 150 మిల్లీలీటర్ల ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెను సన్నని ధారగా పోయాలి. ఒక్కసారిగా పోస్తే నూనె విడిపోతుంది. ధారగా పోస్తే పచ్చసొనలోని లెసిథిన్ అనే పదార్థం దానిని పట్టుకుని చిక్కని మీగడలా కలుపుతుంది. తరువాత 120 మిల్లీలీటర్ల చీనీ రసం, జల్లించిన 200 గ్రాముల మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు వేసి, పిండి తెల్లమచ్చలు పోయేంతవరకే కలిపి, ఎనిమిది అంగుళాల గిన్నెలో 170 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. రసాన్ని ముందుగా పిండి పెట్టుకోకూడదు. చీనీ రసం నిలవ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది, ఆలివ్ చేదుకు ఆ చేదు తోడైతే పిల్లలు ముట్టరు.

ఈ కేకు మీద ఐసింగ్ అవసరం లేదు. పైన పల్చని బంగారు రంగు పెంకు, లోపల తడి ఆరని గుల్ల, నమిలే కొద్దీ చీనీ తోలు వాసన వెనుక సన్నగా వచ్చే పచ్చి ఆలివ్ వాసన. ఇదే కేకును రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెతో చేస్తే మెత్తదనం అంతే ఉంటుంది కానీ, రుచి చీనీ దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెకు లీటరుకు వెయ్యి రూపాయలకు పైగా ఇవ్వడం సబబేనా అన్న ప్రశ్నకు ఈ ఒక్క కేకు విషయంలో నా జవాబు అవునని. అదే నూనెతో చాక్లెట్ కేకు చేస్తే కోకో పొడి దాని వాసనను పూర్తిగా కప్పేసింది. వెనిల్లా కేకులో అయితే ఆలివ్ వాసన ఒక పరాయి వాసనగా నిలిచి, కేకులో ఏదో పడిందేమోనన్న అనుమానం కలిగించింది.

ధర ఇంతగా పెరగడానికి కారణం తెలిస్తే రాయలసీమ వారికి దాని మీద కోపం రాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలివ్ నూనె తీసేది స్పెయిన్, అందులోనూ దక్షిణాన ఉన్న ఆండలూసియా. అక్కడ వానలు ముఖం చాటేయడంతో 2022-23లో ఆ దేశపు నూనె దిగుబడి అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే సగానికి కిందికి పడిపోయింది, ధరలు ఆకాశాన్నంటాయి. కరువు వల్ల పంట ఎండితే ఏమవుతుందో వేరుశనగ రైతుల జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సీసా కొనేటప్పుడు ధర కంటే ముందు చూడవలసింది తేదీ. నూనె తీసిన నాటి నుంచి ఎక్స్‌ట్రా వర్జిన్ గుణం తగ్గుతూనే ఉంటుంది. వెలుతురు, వేడి, గాలి ఈ మూడూ దానికి శత్రువులు. ఇక్కడి ఒక పెద్ద దుకాణంలో ఈ సీసాలను ముందువైపు అద్దం తలుపు పక్కన, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే అరలో పేర్చి ఉంచారు. గడువు ఇంకా ఏడెనిమిది నెలలు ఉన్న సీసా అక్కడి నుంచి తెచ్చి మూత తీస్తే పచ్చి వాసన బదులు పాత శెనక్కాయల ముక్కిన వాసన వచ్చింది. బిల్లు చూపించినా మార్చి ఇవ్వలేదు. గడువు దాటలేదు కదా అన్నదే వారి మాట. దీని వల్ల తెలిసేదేమంటే, గడువు తేదీ ఒక్కటే చాలదు, సీసాను నిలవ పెట్టిన చోటు కూడా చూడాలి. ముదురు రంగు గాజు సీసా లేదా రేకు డబ్బా, వెనుక వరుసలో నీడన ఉన్నది ఎంచుకోవడం మేలు. తెచ్చిన తరువాత పొయ్యి పక్కన పెట్టకుండా మూసిన అరలో ఉంచి, మూత తీసిన రెండు నెలల లోపు వాడేయాలి. తక్కువ ధరకు వస్తుందని ఐదు లీటర్ల డబ్బా తెచ్చుకోవడం కేకుల కోసం వాడేవారికి తగదు.

క్లాసిక్, లైట్, పొమేస్ అనేవాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మొదటి రెండూ శుద్ధిచేసిన ఆలివ్ నూనెలో కొద్దిగా వర్జిన్ నూనె కలిపినవి. లైట్ అన్నది రంగుకు, రుచికి సంబంధించిన మాట, కొవ్వుకు కాదు; ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. బరువు తగ్గుదామని లైట్ సీసా కొనేవారు ఈ సంగతి గమనించాలి. పొమేస్ అన్నది నూనె తీయగా మిగిలిన పిప్పి నుంచి రసాయన ద్రావకంతో రాబట్టి, శుద్ధిచేసి, పేరుకు కాస్త వర్జిన్ నూనె కలిపినది. ఈ మూడింటితోనూ కేకు చక్కగానే వస్తుంది, ఎంత చక్కగా అంటే పొద్దుతిరుగుడు నూనె కేకుకూ దీనికీ తేడా చెప్పలేనంత. తేడా తెలియనప్పుడు అంత ధర పెట్టడం ఎందుకన్నది నా అభ్యంతరం. బేకింగ్ కోసమే అయితే ఈ మూడింటిలో ఏదీ కొనవద్దని నా సలహా.

శెనగనూనె దగ్గరకు వచ్చేసరికి ఈ సమీక్ష ఇంటికి వచ్చినట్టే. పాతూరు వైపు ఒక చిన్న కొట్టులో చెక్క గానుగ కరెంటు మోటారుతో తిరుగుతుంది. పప్పు పోసేచోట నిలబడితే వెచ్చని శెనక్కాయల వాసన వస్తుంది. కొట్టు యజమాని నూనెను రెండు మూడు రోజులు స్టీలు డ్రమ్ములో తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డిని వదిలి, పైతేటను మాత్రమే అమ్ముతాడు. మన డబ్బా మనం తీసుకుపోతే అందులోనే కొలిచి పోస్తాడు. లీటరు నూనెకు రెండు కిలోలకు పైగా పప్పు పడుతుంది కనుక దీని ధర ప్యాకెట్ నూనె ధరకు రెట్టింపు దాటుతుంది. అయినా ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ ధరలో సగం కూడా ఉండదు. కేకు కోసమని చెబితే ఆయన ఆశ్చర్యపోయి, ఏ రోజు ఆడించిన నూనె కావాలో అడిగి మరీ ఇచ్చాడు. ఆ అడగడంలో విషయం ఉంది. ఆడించి వారం కూడా కాని నూనెలో శెనక్కాయ వాసన పదునుగా ఉంటుంది, నెల గడిచేసరికి నెమ్మదిస్తుంది. కేకుకు రెండోదే నప్పుతుంది. పప్పు నాణ్యత గురించి కూడా నిలదీసి అడగవలసిందే: బూజు పట్టిన, ముడుచుకుపోయిన పప్పులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండే ప్రమాదం ఉంది, గానుగ నూనెకు రిఫైనరీలో జరిగే శుద్ధి ఉండదు. పప్పు ఏరించి ఆడించే కొట్టు దగ్గరే కొనాలి. ఈ కొట్టులో బస్తా విప్పి చూపించారు, అందుకు పూర్తి మార్కులు.

ఈ నూనెతో వెనిల్లా స్పాంజి చేయడం తగదు. శెనక్కాయ వాసన వెనిల్లాను మింగేస్తుంది. మైదా, చక్కెర మాత్రమే ఉన్న సాదా కేకుల్లో ఏదో చిక్కీ తింటున్న భావన కలుగుతుంది. కానీ అదే వాసన బెల్లంతో, రాగిపిండితో, జొన్నపిండితో కలిసినప్పుడు వేరే ఏ నూనెతోనూ రాని రుచి వస్తుంది, ఎందుకంటే ఈ ప్రాంతపు నాలుకకు ఆ మూడూ ఒకే పళ్లెంలో అలవాటైన రుచులు. 100 గ్రాముల రాగిపిండి, 100 గ్రాముల గోధుమపిండి, 150 గ్రాముల తురిమిన బెల్లం, 200 మిల్లీలీటర్ల పెరుగు, 100 మిల్లీలీటర్ల గానుగ శెనగనూనె, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంట సోడా, కొద్దిగా యాలకుల పొడి, శొంఠి పొడి కలిపి, పైన వేయించి పగలగొట్టిన వేరుశనగపప్పులు చల్లి, 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే గుడ్డు లేని కేకు తయారవుతుంది. రాగిలో గ్లూటెన్ లేదు కాబట్టి గోధుమపిండి పూర్తిగా తీసేస్తే కేకు విరిగిపోతుంది. శనివారాలు గుడ్డు ముట్టని ఇళ్లకు, అసలు గుడ్డే తేని ఇళ్లకు దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. ఓటీజీ లేనివారు కుక్కర్ అడుగున ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, సన్నని మంట మీద చేసుకోవచ్చు. సమయం కాస్త ఎక్కువ పడుతుంది.

ఆలివ్ నూనె గొప్పదనంగా అందరూ చెప్పేది అందులోని ఒలీయిక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వు. అది సాధారణంగా ఆలివ్‌లో 70 శాతం పైన, మామూలు శెనగనూనెలో 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. ఈ అంతరాన్ని చెరిపేసే వేరుశనగ రకాలు ఇప్పటికే వచ్చాయి. గుజరాత్‌లోని జునాగఢ్‌లో ఉన్న వేరుశనగ పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల నూనెలో ఒలీయిక్ ఆమ్లం దాదాపు 80 శాతం. ఒలీయిక్ ఎక్కువున్న నూనె త్వరగా ముక్కిపోదు; బిస్కెట్లు, కేకులు నిలవ పెట్టి అమ్మే బేకరీలకు అది ఆరోగ్యం కంటే ముందు వ్యాపారానికి పనికివచ్చే గుణం. అలాంటి పప్పు ఆడించిన నూనె ఫలానా రకమని చెప్పి అమ్మే గానుగ కొట్టు మన ఊళ్లో నాకు ఇంకా కనిపించలేదు. కనిపిస్తే మాత్రం ముందు వరుసలో నిలబడతాను.

రోజువారీ కేకులకు, అంటే వెనిల్లా, చాక్లెట్, కాఫీ, అరటిపండు, క్యారెట్ కేకులకు రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెను మించినది లేదు. దానికి వాసన లేకపోవడమే దాని అర్హత. చవకగా, ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, ఎంత వేసినా తన ఉనికి చాటుకోదు. దానితో వచ్చే ఇబ్బంది ఒక్కటే: కేకు గిన్నెకు రాసినప్పుడు, పిండి తగలని అంచుల మీద మిగిలిన నూనె వేడికి బంకగా మారి, వార్నిష్ పూసినట్టు అతుక్కుపోతుంది, పీచుతో ఎంత తోమినా త్వరగా పోదు. గిన్నెకు పల్చగా రాసి, పైన మైదా చల్లి, మిగిలింది దులిపేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. తవుడు నూనె కూడా ఇదే పని చేస్తుంది. రంగు కొద్దిగా ముదురుగా ఉండడం తప్ప కేకులో తేడా లేదు.

కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అనంతపురంలో ఏడాదిలో ఎక్కువ కాలం అది ద్రవమే అయినా, డిసెంబరు ఉదయాల్లో సీసాలో తెల్లగా బిగుసుకుంటుంది. కరిగించి పోసినా, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలు, గుడ్లు తగిలితే పిండిలో తెల్లని పలుకులు కడుతుంది కాబట్టి అన్నీ గది వేడికి వచ్చాకే కలపాలి. సంతృప్త కొవ్వు ఎక్కువ కనుక కుకీలు కరకరలాడుతూ వస్తాయి. కానీ సీమ ఇళ్లలో ఈ వాసన తలకు రాసుకునే నూనెదే తప్ప తినే నూనెది కాదు; పెద్దవాళ్లు ఒక ముక్క తిని పళ్లెం పక్కకు జరిపారు. నువ్వుల నూనె వాసన ఆవకాయను గుర్తుచేస్తుంది, తీపి కేకుకు అక్కరలేదు. కారం, జీలకర్ర వేసి చేసే ఉప్పు బిస్కెట్లలో ఒకటి రెండు చెంచాలు వేస్తే మాత్రం భేషుగ్గా ఉంటుంది.

నూనె చేయలేని పనులనూ చెప్పకపోతే ఈ సమీక్ష ఏకపక్షం అవుతుంది. మన అయ్యంగార్ బేకరీల్లో సాయంత్రం వేడివేడిగా వచ్చే పఫ్‌లలో పొరలు విడివిడిగా లేవడానికి, పిండి మడతల మధ్య గట్టి కొవ్వు పలకలా నిలవాలి; నూనె అక్కడ పిండిలోకి ఇంకిపోతుంది, పొర అన్నదే ఏర్పడదు. నాన్‌ఖటాయి నోట్లో కరిగిపోవాలంటే పేరిన నెయ్యి కావాలి. ఐసింగ్ క్రీముకూ గట్టి కొవ్వు తప్పదు. బేకరీలు వీటికి వాడే వనస్పతి, మార్గరిన్‌లలో గుండెకు చేటుచేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదని 2022 జనవరి నుంచి ఆహార భద్రత సంస్థ నిబంధన అమలులో ఉంది కనుక ఒకప్పటి భయం కొంత తగ్గింది. అయినా ఇంట్లో చేసుకునేవారు ఈ మూడింటికీ వెన్న, నెయ్యినే నమ్ముకోవడం మంచిది.

రొట్టె విషయంలో ఆలివ్ మళ్లీ ముందుకు వస్తుంది. పళ్లెంలో పరిచి కాల్చే ఇటలీ వారి ఫొకాచా రొట్టెకు పిండిలో రెండు పెద్ద చెంచాలు, పళ్లెం అడుగున రెండు, వేళ్లతో గుంటలు నొక్కిన తరువాత పైన రెండు చెంచాల ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె కావాలి. ఇక్కడ నూనె పిండిలో దాగిపోదు, పై పెంకు మీద నేరుగా నాలుకకు తగులుతుంది. పైన రోజ్‌మేరీకి బదులు సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కాసిని కరివేపాకులు చల్లితే సాయంత్రం టీ పక్కన బన్ను గుర్తుకు రాదు. మామూలు బన్నులకు, శాండ్‌విచ్ రొట్టెకు అరకిలో మైదాకు రెండు చెంచాల పొద్దుతిరుగుడు నూనె చాలు.

ఆలివ్ సీసా కొనదలచినవారు 250 మిల్లీలీటర్లది తెచ్చుకోవాలి. చీనీ కేకుకు 150, రొట్టెకు 90 పోను సీసాలో మిగిలేది చెంచాడే. సీసా ముక్కిపోయే తీరిక ఉండదు.